టెర్మినల్ నుదుటి రాత

సర్వర్లు చూసుకునేవారి తెరమీద ఒకేసారి ఏడెనిమిది టెర్మినల్ విండోలు ఉండటం మామూలే. ఒకటి సొంత కంప్యూటర్‌ది, ఒకటి టెస్టింగ్ సర్వర్‌ది, ఇంకొకటి జనం వాడుతున్న ప్రొడక్షన్ సర్వర్‌ది. అన్నిటి నెత్తినా ‘బాష్’ అన్న ఒకే మాట ఉంటే ఏది ఏదో పోల్చుకోవడం కష్టం. ఫైళ్లు తుడిచేసే కమాండ్ ప్రొడక్షన్‌లో పడ్డాక నాలుక కరుచుకుని లాభం లేదు.

ఆ నెత్తిమీది పేరును, అంటే టైటిల్‌ను, మార్చే ఉపాయం ఎక్స్‌టర్మ్‌ అనే టెర్మినల్ ప్రోగ్రామ్ వాడకంతో స్థిరపడింది. ఆ ప్రోగ్రామ్ పుట్టింది 1984లో. ఆస్కీ పట్టికలో 27 నంబరున్న ఎస్కేప్, మూసే చదరపు బ్రాకెట్, ఒక అంకె, సెమికోలన్, కావలసిన పేరు, చివర 7 నంబరున్న బెల్. ఈ వరుసను ప్రింట్ చేస్తే టెర్మినల్ దాన్ని లోపల చూపించకుండా పైన టైటిల్‌గా పెట్టుకుంటుంది. అంకె 2 అయితే విండో పేరు, 1 అయితే ఐకాన్ పేరు, 0 అయితే రెండూ మారతాయి. టెలిప్రింటర్ల రోజుల్లో నిజంగానే గంట కొట్టిన బెల్‌కు ఇక్కడ ‘పేరు అయిపోయింది’ అని చెప్పే కొలువు దొరికింది. అంతా మామూలు అక్షరాల వెంటే సాగుతుంది కాబట్టి దూరపు సర్వర్లలోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ దారిలోనూ ఇబ్బంది ఉండదు. ఎక్కడో ఉన్న సర్వర్ మన బల్లమీది విండోకు తన పేరు తానే రాసుకోగలదు. ఇంత చిన్న ఏర్పాటు ఇన్నేళ్లు నిలిచిందంటే కారణం అదే.

మరి ప్రతిసారీ ఇది చేత్తో కొట్టేదెవరు? ఆ పని మన కమాండ్లను చదివి నడిపే షెల్‌ది. పాల్ ఫాల్‌స్టాడ్ 1990లో ప్రిన్స్‌టన్‌లో చదువుతూ రాసిన జెడ్‌షెల్‌లో ఇందుకు పనికొచ్చే హుక్‌లు రెండున్నాయి. ప్రాంప్ట్ కనిపించే ముందు ‘ప్రీకమాండ్’ నడుస్తుంది. ఎంటర్ కొట్టాక, కమాండ్ మొదలయ్యే ముందు ‘ప్రీఎగ్జెక్’ నడుస్తుంది. మొదటిదానితో ఫోల్డర్ పేరును, రెండోదానితో నడవబోయే కమాండ్‌ను టైటిల్‌కు ఎక్కించడమే టైటిల్ మార్చే ప్లగిన్ పని. రాబీ రసెల్ 2009లో మొదలుపెట్టిన జెడ్‌షెల్ అమరికల సంకలనం ‘ఓ మై జెడ్‌షెల్’లో ఇది ముందే అమర్చి ఉంటుంది. ఫిష్ అనే మరో షెల్‌లో ‘ఫిష్ టైటిల్’ ఫంక్షన్ రాసుకుంటే చాలు.

ట్యాబ్ ఇరుకుది, పొడవైన పేరుకు తోక తెగుతుంది. అందుకే మెషిన్ పేరు ముందుండాలి, వెనక చివరి ఫోల్డర్ పేరు చాలు. సర్వర్ నుంచి తిరిగొచ్చాక మన షెల్ టైటిల్‌ను మళ్లీ రాయకపోతే పాత సర్వర్ పేరే అక్కడ వేలాడుతుంది. అసలు పేరు లేకపోవడం కన్నా ఇది ఎక్కువ ప్రమాదం. ప్రీకమాండ్ ప్రతి ప్రాంప్ట్ ముందూ నడవడం వల్ల ఆ మరక తుడుచుకుపోతుంది.

కమాండ్‌ను టైటిల్‌కు ఎక్కించేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. శాతం, డాలర్ గుర్తులకు జెడ్‌షెల్ ప్రాంప్ట్‌లో ప్రత్యేక అర్థాలు ఉంటాయి. పేరును ఆ పద్ధతిలో విప్పి ప్రింట్ చేస్తే అందులో దాగిన మాటలే కమాండ్లుగా నడవవచ్చు. 2021లో ఓ మై జెడ్‌షెల్ టైటిల్ ఫంక్షన్‌లో అలాంటి లోపమే బయటపడితే సరిదిద్దారు. బయటి నుంచి వచ్చిన మాటను ఉన్నదున్నట్టు ప్రింట్ చేసే ప్లగిన్‌నే నమ్మాలి.

తెలుగువారికి ఇందులో అదనంగా ఒక లాభం ఉంది. టెర్మినల్ లోపల అక్షరాలన్నీ కొలిచి గీసిన గళ్లలో కూర్చోవాలి. ఆ ఇరుకులో మన గుణింతాలు, ఒత్తులు చాలాచోట్ల చెదిరిపోతాయి. టైటిల్‌కు మాత్రం ఆ గళ్ల కట్టుబాటు లేదు. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో ‘పద్యాలు’ అన్న ఫోల్డర్‌లోకి వెళితే, లోపల విరిగిన మాట పైన యవత్తుతో సహా నిండుగా కనిపిస్తుంది.