పరీకుట్టి బాకీ

దక్షిణాది పాత సినిమాల్లో తెగువ గురించి మాట్లాడేవాళ్లు బాలచందర్ దగ్గర మొదలుపెట్టి బాలచందర్ దగ్గరే ఆగుతారు. మేం ‘చెమ్మీన్’ దగ్గర మొదలుపెడతాం. ఎందుకంటే అక్కడ ప్రేమికుడు సాయిబు.

గోదావరిఖనిలో డిగ్రీ చదువుకునే రోజుల్లో, ఎన్టీపీసీ క్వార్టర్లలో ఉండే మలయాళీ దోస్తు ఇంట్లో వీసీఆర్ మీద చూశాం. మాకు మలయాళం ఒక్క ముక్క రాదు. దోస్తు వాళ్లమ్మ వంటింటి గుమ్మంలో కూచుని తనకొచ్చిన హిందీలో కథ చెప్పింది. ఆమె హిందీ, మా దక్కనీ ఎక్కడో ఒకచోట కలిశాయి.

తకళి శివశంకర పిళ్లై 1956లో రాసిన నవలను రాము కరియాత్ 1965లో సినిమా తీశాడు. రాష్ట్రపతి బంగారు పతకం అందుకున్న మొదటి దక్షిణాది సినిమా అదే. కెమెరా మార్కస్ బార్ట్లీది. ‘మాయాబజార్’లో మనకు వెన్నెల చూపించినాయనే అక్కడ కేరళ సముద్రం చూపించాడు. చేపల వ్యాపారి పరీకుట్టి, జాలరి పిల్ల కరుత్తమ్మ. మగవాడు ముస్లిం, ఆడపిల్ల హిందువు. ఈ వరసలో ప్రేమకథ తీసి, జనాన్ని ఏడిపించి, పతకం కూడా తెచ్చుకున్న కాలం ఒకటి ఈ దేశంలో ఉండింది. ముప్ఫై ఏళ్ల తర్వాత, 1995లో, ‘బొంబాయి’ వచ్చేసరికి వరస మారింది. పిల్ల ముస్లిం, పిల్లగాడు హిందువు.

‘చెమ్మీన్’ అంటే అందరికీ సలీల్ చౌదురి పాటలు గుర్తు. మాకు గుర్తున్నది బాకీ. కరుత్తమ్మ నాయన చెంబన్‌కుంజు పడవకూ వలలకూ పరీకుట్టి దగ్గర డబ్బు తీసుకుంటాడు. పడ్డ చేపలు అతనికే అమ్మాలని మాట. పడవ వచ్చాక మాట తప్పుతాడు. పిల్లను పళనికిచ్చి పెళ్లి చేస్తాడు. పరీకుట్టి వ్యాపారం మునిగిపోతుంది. గట్టిగా నిలదీయడు. నిలదీస్తే ఇక ప్రేమికుడెట్లా అవుతాడు? వడ్డీ సాయిబు అయిపోడూ?

మా అబ్బాకు బాయి గేటు దగ్గర చాయ్ హోటల్. ఫస్టు షిఫ్టుకు పోయేవాళ్లు, నైటు దిగొచ్చేవాళ్లు ఖాతా మీద తాగేవాళ్లు. జీతాలనాడు చాలామంది తెచ్చిచ్చేవాళ్లు. రంజాన్‌కు ఇంటికొచ్చి షీర్‌ఖుర్మా తాగేవాళ్లూ వాళ్లే. 1992 డిసెంబరులో, ఎక్కడో అయోధ్యలో మసీదు కూలితే, అబ్బా ఇక్కడ నాలుగు రోజులు హోటల్ మూశాడు. తెరిచాక ఖాతాలో కొన్ని పేర్లవాళ్లు మళ్లీ రాలేదు. అబ్బా ఆ పేజీలు చింపలేదు. పోయి అడగనూ లేదు.

చివరికి ‘చెమ్మీన్’ కూడా వెనక్కి తగ్గిందనే మేం అంటాం. ఆలి నియమం తప్పితే కడలమ్మ మగడిని మింగుతుందని రేవు జనం నమ్మకం. సినిమా దాన్ని ప్రశ్నించలేదు, నిజం చేసి చూపింది. పళనిని సముద్రం తీసుకుంటుంది. ప్రేమికులిద్దరూ ఒడ్డున శవాలై తేలతారు. తీర్పు మాత్రం రేవుదే.

అంతకు ఏడాది ముందు, 1964లో, మలయాళంలోనే ‘కుట్టికుప్పాయం’ వచ్చింది. పిల్లలు లేరని తలాక్ చెప్పించుకున్న భార్య కథ. పేరున్న తారలతో, జనం కోసం తీసిన సినిమా. మా అమ్మీలు, ఖాలాలు కూచుని చూసి, తమ ఇంటి సంగతేనని కొంగు నోటికి అడ్డం పెట్టుకోదగ్గ కథ. అటువంటి ఇల్లు తెలుగు తెర మీద మేం చూడలేదు. బాలచందర్ 1974లో తమిళంలో తీసిన కథ 1976లో ‘అంతులేని కథ’గా మనకొచ్చింది, మంచిదే. మా వాటాకొచ్చింది మాత్రం బొంబాయి నుంచి. 1973 నాటి ‘జంజీర్’ మరుసటి ఏడాదే ‘నిప్పులాంటి మనిషి’ అయింది. సత్యనారాయణ షేర్‌ఖాన్‌గా దోస్తీ పాట పాడితే మేమూ ఈలలు వేశాం, అబద్ధమెందుకు. కానీ ఆ పఠాన్‌కు దోస్తు కోసం ప్రాణమివ్వడమే పని. ఎవరైనా అతనికి బాకీ ఉన్నారేమో ఆ సినిమాకు అక్కర్లేదు.

ఆ రాత్రి ఇంటికొచ్చి అబ్బాకు ‘చెమ్మీన్’ కథంతా చెప్పాం. సముద్రం, సొరచేప, చెయ్యీ చెయ్యీ పట్టుకుని పడివున్న శవాలు, అన్నీ. అబ్బా గల్లాపెట్టె తాళం వేసుకుంటూ విన్నాడు.

“పైసే దియే కి నై?” అని అడిగాడు.