తీసేసినా పోని వెలుగు

గెలాక్సీల ఫొటోలు తీస్తానని చెప్పగానే ఎవరైనా అడిగేది "ఎక్కడికెళ్లి?" అని. దిల్‌సుఖ్‌నగర్‌లో, మా డాబా మీద అంటే నమ్మరు. నమ్మకపోవడంలో తప్పేమీ లేదు. కోచింగ్ సెంటర్ల బోర్డులు, బట్టల షోరూములు, మెట్రో స్తంభాల మీది ప్రకటనలు, ఎల్బీనగర్ ఫ్లైఓవర్ల దీపాలు అన్నీ కలిసి మా ఆకాశాన్ని అర్ధరాత్రి కూడా బూడిద రంగులోనే ఉంచుతాయి. సప్తర్షులు ఏడుగురూ కనిపించారంటే ఆ రోజు మాకు పండగే.

పక్క హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి చదువుకునే పిల్లలు డాబా మీద తిరుగుతూ గోడ అవతలి నుంచి పలకరిస్తుంటారు. "అంకుల్, పైన ఏం కనవడ్తలేదు గదా, దేన్ని తీస్తున్నరు?" ఆ సప్తర్షి మండలంలోనే ఎం81, ఎం82 అని రెండు గెలాక్సీలున్నాయి. దూరం దాదాపు 1.2 కోట్ల కాంతి సంవత్సరాలు. తీసేది వాటినే. ఒక్క ఫ్రేము తెరిచి చూపిస్తే పిల్లలు పెదవి విరుస్తారు. రెండు మసక మరకలు, ఉప్పల్ వైపు నుంచి ఎక్కివచ్చిన తెల్లటి కాంతి, అంతే.

అసలు పని అక్కడే మొదలవుతుంది. భూమి తిరుగుడుకు ఎదురు తిరిగే మౌంట్ మీద టెలిస్కోపు పెట్టి, రెండేసి నిమిషాల ఫ్రేములు వందల కొద్దీ తీయాలి. మౌంటును ధ్రువ నక్షత్రానికి సరిచేద్దామంటే హైదరాబాద్‌లో అది 17 డిగ్రీల ఎత్తునే ఉంటుంది, అంటే ఎదురు అపార్ట్‌మెంటు వెనక. కాబట్టి వేరే నక్షత్రాలను ఫొటో తీసి, ధ్రువం ఎక్కడుందో సాఫ్ట్‌వేర్‌తో లెక్క కట్టించాలి. మూత పెట్టి తీసిన డార్క్ ఫ్రేములతో సెన్సర్ వేడికి పుట్టే చుక్కలు పోతాయి. సాయంత్రం గొట్టానికి తెల్ల గుడ్డ కట్టి తీసిన ఫ్లాట్ ఫ్రేములతో దుమ్ము మరకలు పోతాయి. ఊరి వెలుగును కూడా సాఫ్ట్‌వేర్ కొలిచి తీసేస్తుంది.

తీసేస్తుంది గానీ, పూర్తిగా కాదు. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించే సంగతి ఇదే. ఒక పిక్సెల్‌లో ఊరి కాంతి పదివేల ఫోటాన్లు పడిందనుకుందాం. తర్వాతి ఫ్రేములో సరిగ్గా పదివేలే పడవు. సుమారు వంద అటో ఇటో అవుతాయి. సగటు పదివేలను తీసేయొచ్చు, ఈ వంద ఊగిసలాటను తీసేయలేం. గెలాక్సీ అంచు నుంచి వచ్చినవి యాభై ఫోటాన్లే అయితే, ఆ ఊగిసలాటలో మునిగిపోతాయి. వంద ఫ్రేములు కలిపి సగటు తీస్తే ఊగిసలాట పదికి దిగుతుంది, యాభై మాత్రం యాభైగానే నిలుస్తుంది. అప్పుడు గెలాక్సీ చేయి బయటపడుతుంది. స్టాకింగ్ అంటే ఇంతే. నల్లమల చీకట్లో గంటలో దొరికేదానికి ఇక్కడ ఇరవై, ముప్ఫై గంటలు పడుతుంది.

ఫిల్టర్ పెట్టుకోవచ్చు కదా అంటారు. పాత సోడియం దీపాల కాలంలో కొంత పనిచేసేది, వాటి పసుపు కాంతిని ఆపేస్తే సరిపోయేది. ఎల్‌ఈడీలో దాదాపు అన్ని రంగులూ ఉంటాయి. గెలాక్సీ వెలుగు అంటే కోట్ల నక్షత్రాల వెలుగు, దానిలోనూ అన్ని రంగులూ ఉంటాయి. దీన్ని ఆపితే అదీ ఆగుతుంది. హైడ్రోజన్, ఆక్సిజన్ రంగుల్లో మెరిసే నెబ్యులాలకు ఉన్న వెసులుబాటు గెలాక్సీలకు లేదు.

అయినా ఊళ్లో తీయడం వృథా కాదు. ఎం82లో పేలిన సూపర్‌నోవాను 2014 జనవరి 21న మొదట గుర్తించింది లండన్ నగరంలో, మబ్బులు కమ్ముకొస్తుంటే టెలిస్కోపు నేర్చుకుంటున్న విద్యార్థులూ వాళ్ల గురువూ.

హైదరాబాద్‌కూ ఈ పని కొత్తది కాదు. 1901లో నవాబ్ జాఫర్ జంగ్ వేధశాల పెట్టింది మాకు దగ్గర్లోని ఫిసల్‌బండలోనే. ఆయన పోయాక అది నిజామియా అబ్జర్వేటరీగా బేగంపేట చేరింది. 1914 నుంచి అక్కడ ఫొటో ప్లేట్లు తీసి, ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచారు. ఊరు పెరిగి బేగంపేటలో చీకటి కరువయ్యాక, ఉస్మానియా విశ్వవిద్యాలయం 1960ల చివర్లో 48 అంగుళాల టెలిస్కోపును జాపాల, రంగాపూర్ గ్రామాల దగ్గర పెట్టింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచి చూశారు. ఎల్బీనగర్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని ఇబ్రహీంపట్నం దాటి వెళ్లాలి. చీకటి కోసం వేధశాల వెళ్లిన ఆ దారి పొడవునా ఇప్పుడు వెంచర్లే. వాటి గేట్లకూ ఫ్లడ్‌లైట్లే.

నేను డాబా మీద గెలవడం చూసి "సాఫ్ట్‌వేర్ ఉందిగా, లైట్లుంటే ఏం?" అనేవాళ్లున్నారు. సాఫ్ట్‌వేర్ ఉన్నా కట్టాల్సిన ధర రాత్రుళ్లు. గెలాక్సీల కాలమంతా ఫిబ్రవరి నుంచి మే వరకే, జూన్‌లో మబ్బులొస్తాయి. ఆకాశం సగం చీకటైతే సగం సమయం చాలు. అందుకు ఊరిని చీకటి చేయక్కర్లేదు, దీపం కిందికి చూస్తే చాలు.

మా అపార్ట్‌మెంటు ఫ్లడ్‌లైటు ఒకటి సగం కాంతిని ఎదురింటి గోడకీ ఆకాశానికీ పంచేది. సెక్రటరీ గారినడిగి దానికి రేకు తొడుగు వేయించి, మొహం కిందికి వంచాం. బండ్లు పెట్టుకునే చోట వెలుతురు పెరిగింది. నా గెలాక్సీల గొడవ ఆయనకు పట్టలేదు. వెలుతురు చూసి, మిగతా లైట్లకూ తొడుగులు వేయించమన్నారు.