గ్రూపు కట్టడంలో పనితనం

శ్రీకాకుళంలోని అరసవల్లి రథసప్తమి గురించి రాసేవాళ్లంతా వచ్చే భక్తుల సంఖ్య దగ్గర మొదలుపెడతారు. నాకు ఆ రాత్రి డ్యూటీలో ఉండేవాళ్ల మీద గౌరవం ఎక్కువ. అర్ధరాత్రి దాటగానే సూర్యనారాయణ స్వామికి క్షీరాభిషేకం, ఆపై నిజరూప దర్శనం. క్యూలైన్ల దగ్గర పోలీసులు, ప్రసాదం కౌంటర్లలో దేవస్థానం సిబ్బంది, తాగునీటికి మున్సిపాలిటీవాళ్లు, మెడికల్ క్యాంపు, ఆర్టీసీ, ఫైర్, వీళ్లందరితో పాటు వాలంటీర్లు. 2025లో ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండగ చేసింది. ఆ ఏడు ఉత్సవాలు మూడు రోజులు సాగాయి. ఇంత పనిలో డ్యూటీలు చివరి గంటలో మారకుండా ఉండవు.

ఇలాంటి డ్యూటీ చార్టును, ఒక్కో డ్యూటీకి ఒక్కో గ్రూపుగా, పనులు పంచి నడిపించే ఓపెన్‌ప్రాజెక్ట్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టామనుకోండి. అందులో గ్రూపులను ఎంత ఆలోచించి కట్టారో అప్పుడు తెలుస్తుంది.

పైకి కనిపించేది చాలా తక్కువ. స్క్రీన్ మీద ఒక్కో పేరూ నొక్కుతూ కూర్చోనక్కర్లేదు. చార్టు ఎక్సెల్‌లో ఉంటే చాలు, చిన్న ప్రోగ్రాం ఒకటి రాసి ఏపీఐ (ప్రోగ్రాములు ఆ సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడే దారి) ద్వారా గ్రూపులన్నీ కట్టించవచ్చు. అడ్మిన్ హక్కులున్నవాళ్ల కీ తీసుకుని, గ్రూప్స్ చిరునామాకు ఒక పోస్ట్ రిక్వెస్ట్ పంపాలి. లోపల జేసన్‌లో ఉండేవి రెండే: గ్రూపు పేరు, సభ్యుల జాబితా. పేరు ‘క్యూలైన్లు’ అని తెలుగులోనే పెట్టుకోవచ్చు. జాబితాలో ఒక్కో సభ్యుణ్ణీ వట్టి నంబరుతో కాక, ఆ సర్వర్‌లో అతనికున్న చిరునామాతో రాస్తాం. అంతా సరిగా ఉంటే 201 అని జవాబొస్తుంది. అదే పేరుతో గ్రూపు ముందే ఉంటే 422, పంపినవాళ్లకు హక్కు లేకపోతే 403. అంకెతో వదిలేయదు, ఎందుకు కుదరలేదో ఒక వాక్యంలో చెబుతుంది కూడా.

అసలు పనితనం దీని కింద ఉంది. ఓపెన్‌ప్రాజెక్ట్‌కు మూలం రెడ్‌మైన్ అనే మరో సాఫ్ట్‌వేర్. జాన్ ఫిలిప్ లాంగ్ 2006లో దాన్ని విడుదల చేశారు. అందులోంచి చిలీప్రాజెక్ట్, దాన్నుంచి ఓపెన్‌ప్రాజెక్ట్ చీలి వచ్చాయి. రెడ్‌మైన్ కోడ్‌లో 2009 జూలై 4 తేదీతో మూడు చిన్న మైగ్రేషన్ ఫైళ్లు (డేటాబేస్ అమరికను మార్చేవి) ఉన్నాయి. గ్రూపులు పుట్టింది ఆ మూడింటిలోనే. మొదటిది యూజర్ల టేబుల్‌లోని వరుసల్లో, అది మనిషిదా గ్రూపుదా అని చెప్పే ‘రకం’ ఖాళీగా ఉన్నచోటల్లా నింపుతుంది. అంటే గ్రూపుకు వేరే టేబుల్ లేదు, మనుషులుండే టేబుల్‌లోనే అదీ ఒక వరుస. గ్రూపు పేరు వెళ్లి కూర్చునేది ఇంటిపేరు కోసం ఉంచిన గడిలో! మనిషీ గ్రూపూ కలిపి ‘ప్రిన్సిపల్’ అనే ఒకే జాతి. అందుకే ఏ పనినైనా ఒక మనిషికి అప్పగించినట్టే గ్రూపుకూ అప్పగించవచ్చు. ప్రాజెక్టులో సభ్యత్వం ఇచ్చే రిక్వెస్ట్ కూడా రెంటికీ ఒకటే.

రెండో ఫైలు ఎవరు ఏ గ్రూపులో ఉన్నారో రాసుకునే టేబుల్‌ను సృష్టిస్తుంది. మూడోది ఒకే ఒక్క గడిని కలుపుతుంది, దాని పేరు ‘ఇన్‌హెరిటెడ్ ఫ్రమ్’. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. గ్రూపుకు ఒక ప్రాజెక్టులో ఏదైనా హక్కు ఇస్తే, అది గ్రూపులోని ప్రతి ఒక్కరికీ ఒక్కో వరుసగా దిగుతుంది. ఆ హక్కు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఈ గడిలో నమోదవుతుంది.

ఒక ఉద్యోగి మెడికల్ క్యాంపులో సొంతంగా బాధ్యుడు, పైగా క్యూలైన్ల గ్రూపులోనూ ఉన్నాడనుకుందాం. సాయంత్రం అతన్ని గ్రూపులోంచి తీసేశారు. గ్రూపు వల్ల వచ్చిన హక్కులు మాత్రమే పోతాయి. అతనికి నేరుగా ఇచ్చినది చెక్కుచెదరదు. ఆ ఒక్క గడీ లేకపోతే, ఏది ఎవరిచ్చిన హక్కో తేల్చలేక అన్నీ తీసేయాలి, లేదా అన్నీ ఉంచేయాలి. ఇవ్వడం ఎవరైనా రాస్తారు. శుభ్రంగా వెనక్కి తీసుకోవడాన్ని మొదటి రోజే ఆలోచించినవాళ్లు మంచి పనివాళ్లు.

ఒక్కచోట వాడేవాళ్లు మెలకువగా ఉండాలి. ఉన్న గ్రూపును మార్చే ప్యాచ్ రిక్వెస్ట్‌లో సభ్యుల జాబితా పంపితే, పాత జాబితా మొత్తం పోయి ఇదే నిలుస్తుంది. కొత్తగా చేరిన ఒక్కరినే పంపితే మిగతావాళ్లంతా బయటికి పోతారు. ముందు పాత జాబితా తెచ్చుకుని, అందులో కొత్త పేరు కలిపి పంపాలి. పండగ రాత్రి ఈ తేడా ఎంతుంటుందో చెప్పనక్కర్లేదు. ‘ఒకరిని చేర్చు’ అనే చిన్న దారి కూడా ఉంటే బాగుండేదని నా అభిప్రాయం. అయితే పూర్తి జాబితా పద్ధతికీ ఒక బలం ఉంది: చార్టులో ఉన్నదే గ్రూపులో ఉంటుంది, ఒకే రిక్వెస్ట్ రెండుసార్లు వెళ్లినా ఫలితం మారదు. పైగా డాక్యుమెంటేషన్‌లో ఈ సంగతి దాచలేదు, స్పష్టంగా రాశారు.

ఈ కోడ్ అంతా జీపీఎల్ లైసెన్సు కింద బయటే ఉంది. శ్రీకాకుళం, విజయనగరం ఇంజనీరింగ్ కాలేజీల్లో డేటాబేస్ పాఠం చదువుతున్న పిల్లలు, వాళ్లకు చెప్పే మాస్టార్లు ఆ మూడు ఫైళ్లూ ఒకసారి తెరిచి చదవండి. అరగంట చాలు.