అవతారం ఎత్తింది ఎవరు?

జేమ్స్ కామెరాన్ 'అవతార్' చూసొచ్చిన మన విద్యార్థులు చాలామంది 'ఇది మన కథే' అంటారు. నిజమే గదా అనిపిస్తుంది. ఖనిజం కోసం అడవిని కూలగొట్టే కంపెనీ, విశాఖ మన్యంలో బాక్సైట్ మాట విన్నవాళ్లకి కొత్త కాదు.

2022లో వచ్చిన రెండో భాగం సముద్రం ఒడ్డుకే వచ్చింది. అక్కడ మెట్కయినా అనే తెగ. నీళ్ల మీద ఎగిరే చేపలాంటి జంతువులెక్కి యుద్ధానికి పోతారు. ఒంటినిండా పచ్చబొట్లు. తిమింగలాల్లాంటి తుల్కున్‌లు వాళ్లకి తోబుట్టువులు. ఇంత ప్రేమగా ఒక తెగని చూపించిన హాలీవుడ్ సినిమాలు తక్కువే, ఒప్పుకోవాల్సిందే.

పేచీ ఎక్కడంటే, కథంతా జేక్ కుటుంబం చుట్టూనే తిరుగుతుంది. ఇతనొక అమెరికా సైనికుడు. 2009 నాటి మొదటి భాగంలో నావి ఒంట్లోకి దిగి, ఆ తరంలో ఎవరూ ఎక్కని తొరుక్‌ని ఎక్కి, వాళ్లకే నాయకుడైపోయాడు. తూర్పు సముద్రం ఒడ్డున ఇక్రాన్‌ల మీద ఎగిరే ఇంకో తెగ ఉంది. ఇతను పిలిస్తే వచ్చి పోరాడ్డానికే వాళ్లు తెరమీద కొచ్చారు. చిన్నప్పట్నుంచీ ఎగిరేవాళ్లకి నిన్నగాక మొన్న ఎక్కినవాడు దారి చూపించాలట!

పేరులోనే ఉంది అసలు సంగతి. జోతిరావు ఫూలే 1873లో 'గులాంగిరీ'లో అవతారాలని దేవుడి లీలలుగా చదవలేదు, బయట్నుంచి వచ్చిపడ్డ ఆర్యుల దండయాత్రలుగా చదివాడు. మత్స్యమంటే ఆయనకి చేప కాదు, చిన్న పడవల్లో సముద్రం దాటొచ్చిన మొదటి గుంపు. మధురవాడకి దగ్గర్లోనే సింహాచలం కొండమీద వరాహ నరసింహుడున్నాడు. ఆ రెండు అవతారాలూ ఫూలే లెక్కలో ఉన్నవే. వాటి చేతిలో చచ్చిన హిరణ్యాక్షుడూ హిరణ్యకశిపుడూ ఎవరి మనుషులని కొండెక్కే మనం అడగం. కామెరాన్ కూడా అడగలేదు. దిగొచ్చినవాడు రక్షకుడేనని నమ్మేశాడు.

నటుల ఎంపికలోనూ ఇదే తీరు. తెగ నాయకుడిగా మావోరీ నటుడు క్లిఫ్ కర్టిస్ వేశాడు సరే, పూజారిణి రోనాల్‌గా మాత్రం ఇంగ్లీషు నటి కేట్ విన్స్‌లెట్. సినిమాని బహిష్కరించమని అమెరికా ఆదివాసీ కార్యకర్తలు కొందరు పిలుపునిచ్చారు కూడా.

ఇంకొకటి. సముద్రం మీద బతికే తెగకి స్వారీ ఉంది, పూజ ఉంది, యుద్ధం ఉంది. వల అల్లడం, చేప కొయ్యడం ఉంటే గింటే వెనకాల కదిలే బొమ్మ మాత్రమే. మన జాలరి, వాడబలిజ ఆడవాళ్లు తట్ట నెత్తినెట్టుకుని వీధులమ్మట అమ్మేదీ సంస్కృతే. ఆ నీచు వాసనకి బస్సులో పక్కవాళ్లు మొహం తిప్పుకునేదీ సంస్కృతే, కాకపోతే అది వేరేవాళ్లది. గంగవరం పోర్టు కట్టినప్పుడు దిబ్బపాలెం ఖాళీ అయింది. అక్కడ ఎగిరే జంతువుల్లేవు, తెప్పలున్నాయి. పండోరా కోసం హాల్లో ఏడ్చినవాళ్లలో దిబ్బపాలెం పేరు విన్నవాళ్లెందరో ఈసారి క్లాసులో అడిగి చూడండి.