నాన్న ఉత్తరాల్లో అమ్మ ఎక్కడ?

దూరంగా హాస్టల్లో చదువుకునే కొడుక్కి తండ్రి రాసే ఉత్తరాలను మనం ప్రేమకీ బాధ్యతకీ గుర్తుగా చదువుతాం. అవి నిజంగా ప్రేమ ఉత్తరాలే. కానీ ఆ ఉత్తరం పుట్టడానికి ముందు ఇంట్లో ఒక నిర్ణయం జరిగి ఉంటుంది. ఎవరిని చదువుకి పంపాలి, ఎవరిని ఇంట్లో ఉంచాలి అనే నిర్ణయం అది. దాని గురించి మన విమర్శ పెద్దగా మాట్లాడలేదు.

మోతీలాల్ నెహ్రూ 1905లో కొడుకు జవహర్‌లాల్‌ని ఇంగ్లండులోని హారో స్కూల్లో చేర్చి వెనక్కి బయల్దేరాడు. దారిలో రాసిన ఉత్తరంలో తన దుఃఖాన్ని దాచుకోలేదు. ఆస్తి ఇవ్వడం తనకి కష్టం కాదనీ, ఒక్క ఏడాది సంపాదన చాలనీ, తనకి కావలసింది కొడుకుని అసలైన మగవాడిగా తయారు చేయడమనీ రాశాడు. అంత మెత్తని ఉత్తరం లోపల ఉన్న పథకం మాత్రం మగతనమే. తండ్రీకొడుకుల మధ్య ఉత్తరాలు ఇంగ్లీషులో నడిచాయి. తల్లి స్వరూపరాణికి కొడుకు హిందీలో రాసేవాడు. ఆశయాలకీ రాజకీయాలకీ ఒక భాష, అమ్మకి ఇంకో భాష.

ఆ ఇంట్లోనే 1900లో పుట్టిన విజయలక్ష్మి ఉంది. ఆమె ఏ బడికీ వెళ్ళలేదు. ఇంటి దగ్గరే చదువు చెప్పించారు. 1953లో ఐక్యరాజ్య సమితి జనరల్ అసెంబ్లీకి మొదటి మహిళా అధ్యక్షురాలైంది ఆమే. ఇంట్లోనే ఉన్న ఆడపిల్లకి బడికి ఉత్తరం రాయవలసిన అవసరం ఏ తండ్రికీ రాదు. ఉత్తరం లేదు కాబట్టి ఆ చదువుకి రికార్డూ లేదు. దూరం పంపే అవకాశం ఎవరికి దక్కిందో వాళ్ళ చరిత్రే భద్రమైంది.

1928లో పదేళ్ళ ఇందిర ముస్సోరీలో ఉన్నప్పుడు జవహర్‌లాల్ రాసిన ఉత్తరాలు 1929లో పుస్తకంగా వచ్చాయి. అక్కడ కూతురికి ప్రపంచ చరిత్ర అందింది. ఇది చిన్న మార్పు కాదు. అయినా జ్ఞానం ఇచ్చేది తండ్రే.

ఇప్పుడు మా ఒంగోలుకి వద్దాం. 1872లో పుట్టిన టంగుటూరి ప్రకాశానికి పదకొండో ఏట తండ్రి పోయాడు. తల్లి సుబ్బమ్మ ఒంగోల్లో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని పెంచింది. కొడుకు ఉపాధ్యాయుడు హనుమంతరావు నాయుడు గారి అండతో రాజమండ్రి వెళ్ళాడు. 1904లో బారిస్టరు చదువుకి లండన్ చేరాడు. అంటే జవహర్‌లాల్ హారోలో తండ్రి ఉత్తరాలు అందుకుంటున్న రోజుల్లో ఆయనా ఇంగ్లండులోనే ఉన్నాడు. ఒకరి చదువు వెనక తండ్రి ఉత్తరాల కట్ట ఉంది. మరొకరి చదువు వెనక ఊరి వాళ్ళకి వండి వడ్డించిన తల్లి ఉంది. ఆమె కష్టం మనకి తెలిసింది కొడుకు ఆత్మకథ ‘నా జీవిత యాత్ర’ వల్ల. 1972లో జిల్లాకి ప్రకాశం పేరు వచ్చింది. సుబ్బమ్మ పేరు ఆ పుస్తకం దాటి ఎంత దూరం వెళ్ళింది?

ఈ ప్రశ్న గొప్పవాళ్ళ ఇళ్ళకే కాదు. మా నాన్న హాస్టల్లో ఉన్న అన్నయ్యకి రాసిన ఇన్‌లాండ్ కవర్లు నా దగ్గరున్నాయి. మిరప ధర, పత్తికి పట్టిన పురుగు, ఫీజు, మార్కులు అన్నీ ఉంటాయి. చివర మడత దగ్గర, ‘మీ అమ్మ ఒళ్ళు జాగ్రత్త అని రాయమంది’ అన్న ఒక్క వాక్యం. అమ్మ చెప్పిందంతా అంతేనా, నాన్న రాయగలిగింది అంతేనా? ఆ కవర్లో జాగా ఎవరికెంత అన్నది నాన్న నిర్ణయమే.

ఈ ఉత్తరాలను పారేయమని నేననడం లేదు. మగవాళ్ళు బయటికి చూపని ఆర్ద్రత వీటిల్లో ఉంది, అది మనకి కావాలి. కాకపోతే వాటిని పాఠంగా చెప్పేటప్పుడు పక్కనే ఆ ఇంటి ఖర్చుల పుస్తకాన్నీ, బడికి పోని అక్కచెల్లెళ్ళ మౌఖిక కథనాల్నీ పెట్టుకోవాలి. అక్షరం రాని అమ్మల్ని అడిగి రికార్డు చేయడానికి కొంతమందైనా ఇంకా మన మధ్యే ఉన్నారు. ముందు ఆ పని మొదలుపెడదాం.