బూడిదలో కాలిన దుంపకు

తీగ ఎండితేగానీ నువ్వు నిండుగా ఊరవు, అడవి దుంపతల్లీ. వానాకాలమంతా పచ్చగా చెట్లకు అల్లుకుని, తాగిన ఎండనంతా నేలలోకి దించుకుంటావు. మార్గశిరం వచ్చి ఆకులు పసుపుబారి రాలిపోయాక చింతపల్లి కొండల మీద నీ ఆనవాలు ఒక్క ఎండుతీగ. గాలికి అదీ తెగిపోతే నువ్వెక్కడున్నావో చెప్పేవారుండరు. అందుకే వానల్లోనే చూసి పెట్టుకుంటారు, ఏ బండ పక్కన, ఏ మద్దిచెట్టు మొదట్లో నీ ఆకు కనిపించిందో. ఆ గుర్తే ఈ చలిరాత్రికి కూడు.

గునపం పట్టిన కొండ ఆడవాళ్ల చేతిని చూడాలి. పెళ్లగించదు. చుట్టూ మట్టిని గుల్ల చేస్తూ, అరచేత్తో తోడుతూ, నువ్వు నిలువునా దిగిన లోతుకు తానూ దిగుతుంది. భుజం దాకా గోతిలోకి పోతుంది. నిన్ను పైకి తీశాక నీ తలను, తీగ పుట్టిన ఆ కాస్త ముక్కను, కోసి మళ్లీ గోతిలోనే పెట్టి మట్టి కప్పుతుంది. తొలకరికి అది మొలకెత్తుతుంది. పొయ్యి రాజేయకముందే వచ్చే ఏటి వంటకు ఏర్పాటు చేసే వంటగత్తెలు వీళ్లు. నా లెక్కలో ఇంతకు మించిన పాకశాస్త్రం లేదు.

నీ జాతిలో చేదువీ ఉన్నాయి, విషపువీ ఉన్నాయి. వాటిని పలచగా తరిగి, ఉడకబెట్టి, బుట్టకెత్తి పారే గెడ్డలో ఉంచుతారు, నీళ్లు ఆ చేదంతా ఈడ్చుకుపోయేదాకా. ఎన్ని తరాల నాలుకలు ఓర్చుకుంటే ఈ విద్య వచ్చిందో! ఆ నాలుకలకు మొక్కుతున్నాను.

ఆ చింతపల్లి కొండల్లోని లంబసింగిలో పొద్దువాలితే చలి కొరుకుతుంది. దాదాపు 1000 మీటర్ల ఎత్తు మరి. డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని తెల్లవారుజాములు సున్నా డిగ్రీల దరిదాపులకు దిగుతాయి. ఇంటిల్లిపాదీ పొయ్యి చుట్టూ చేరతారు. నిన్ను మంట మీద పెట్టరు, పక్కన వేడి బూడిదలో కప్పెడతారు. తొందరపడితే పైన మాడి లోన పచ్చిగా ఉంటావని పిల్లలకు కూడా తెలుసు.

ఈలోగా సామబియ్యం ఉడుకుతూ ఉంటాయి. వానల్లో విరిచి, చీల్చి ఎండబెట్టిన వెదురుకొమ్ములు నాని మెత్తబడతాయి. వాటిని ఒకసారి ఉడికించి ఆ నీళ్లు పారబోయాల్సిందే. ఆ తర్వాత ఉప్పు, పసుపు, ఎండుమిర్చి, అంతే. మసాలా పడితే వెదురు వాసన పోతుంది, పోనివ్వకూడదు. ఉసిరికాయలను పొయ్యి అంచున మగ్గనిచ్చి, గింజ తీసి, పచ్చిమిర్చితో రోట్లో నూరుతారు. పుల్లలతో కుట్టిన అడ్డాకులు పరుస్తారు.

ఈ కూటి మీదా సర్కారు కన్ను పడింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక, తాతలు తిరిగిన అడవిలోనే మనవలు ఒకరి అనుమతి కోసం నిలబడాల్సి వచ్చింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం తేనె, వెదురు, తునికాకుల సరసన దుంపలనూ అడవిబిడ్డల హక్కుగా పేరుపెట్టి రాసింది. ఆ వరుసలో నీ పేరు చదివి పొంగిపోయాను, తల్లీ. తవ్వే చేతికి ఆ హక్కు ఏనాటి నుంచో ఉంది. కాగితమే ఆలస్యంగా ఒప్పుకుంది.

ఇక నువ్వు కాలావు. బూడిద దులిపి చీలిస్తే నల్లటి తొక్క కింద తెల్లగా, పిండిపిండిగా, పొగలు కక్కుతూ విచ్చుకుంటావు. మట్టివాసన ఇంకా నీలోనే ఉంటుంది. అవ్వ మొదటి ముక్క పక్కింటి పిల్లాడి ఆకులో వేసి, "ఊదుకుని తినరా" అంటుంది. వాడు ఊదుకోడు. ఉసిరి పచ్చడి అద్దుకుని, వేళ్లు కాలుతున్నా నోట్లో పెట్టేసుకుంటాడు. పులుపు, కారం, నీ కమ్మదనం, వెనకాలే గుక్కెడు నీళ్లకు నోరంతా తీపి. వాడి చెయ్యి అప్పుడే బూడిద వైపు పోతోంది, ఇంకో దుంప కోసం.