ఎసరు పెట్టక ముందు

బియ్యం చేటలో పోసి రాళ్లు ఏరినాక, ఇంకా కడగక ముందు, అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయాలి. పని అంతే. వండినాక మిగిలింది దాస్తే అది పొద్దటికి చద్దన్నం అవుతుంది. ఎసరు పెట్టక ముందు తీసిందే పొదుపు కింద లెక్క. ఐదుగురు తినే ఇంట్లో పిడికెడు తగ్గిన సంగతి పళ్లెం ముందు కూర్చున్న ఎవరికీ తెలియదు. పిడికిలి ఎంత చిన్నదైనా ముప్పై నలభై గ్రాములు పడతాయి. రెండు పూటలా తీస్తే నెల తిరిగేసరికి రెండు కిలోలు. కూలి దొరకని వారమో, చెప్పకుండా చుట్టాలు దిగిన రాత్రో ఆ డబ్బా మూత తీస్తారు.

నేను ఇది మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. మా ఊరు డోర్నకల్‌లో అమ్మ తరం ఆడవాళ్లలో చాలామందికి ఈ అలవాటు ఉండేది. గుడికి పోయేవాళ్లు గుడికని, చర్చికి పోయేవాళ్లు చర్చికని, ఎటూ పోనివాళ్లు ఆపతికని తీసేవారు. చర్చి వైపు అలవాటుకు మాత్రం మా ఊళ్లో పెద్ద చరిత్రే ఉంది. వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు తిరునెల్వేలి నుంచి వచ్చి ఇక్కడ కుదురుకున్న మనిషి. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు ఆయనే. ఆయన చుట్టూ చేరింది ఎక్కువగా మాల, మాదిగ వాడల కూలి జనం. వాళ్ల చేతిలో రొక్కం ఆడేది కాదు. అయినా ఇచ్చే చెయ్యి వాళ్లకూ ఉండాలని ఆయన పట్టు. రొక్కం లేనివాళ్లు ధాన్యం ఇచ్చారు, కోడిగుడ్లు ఇచ్చారు. ఆడవాళ్లు వంట పూట తీసిపెట్టిన పిడికెడు బియ్యం ఆదివారం మూటగట్టుకొని తెచ్చారు. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన మా ఊరి ఎపిఫనీ కథీడ్రల్‌కు ఇప్పుడు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఫొటోలు తీసుకుంటారు. గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిసిన ఆ కట్టడం ముందు నిలబడ్డప్పుడల్లా నాకు ఆ మూటలే గుర్తొస్తాయి.

ఇది మా ఒక్క ఊరి సంగతి కాదు. మిజోరంలో చర్చి ఆడవాళ్లు 1910లో ఇలాగే పిడికెడు బియ్యం తీయడం మొదలుపెట్టారు, ఇప్పటికీ ఆపలేదు. మన నెల్లూరు జిల్లాలో సారా మీద తిరగబడిన ఆడవాళ్లు, ఆ పోరు గెలిచినాక, రోజుకో రూపాయి చొప్పున పొదుపు సంఘాలు పెట్టుకున్నారు. నిన్నటిదాకా సారాకు పోయిన పైసల్లోంచి మొదటి రూపాయిని ముందే పక్కన పెట్టడమే వాళ్లు చేసింది. బియ్యమైనా రూపాయైనా పద్ధతి ఒకటే. ఖర్చుకు ముందు తీయాలి.

పొదుపు మాట ఎత్తినవాళ్లు సాధారణంగా ఇక్కడితో ఆపేస్తారు. నాకు అసలు చెప్పాలని ఉన్నది దీని తర్వాతి మాట. ఇంట్లో సంతోషాన్ని కూడా ఇలాగే ముందే తీసిపెట్టాలి. కష్టకాలం వచ్చిన ఇల్లు మొట్టమొదట తెగ్గోసేది దాన్నే. "పైసలు చేతికి రానీ, అప్పుడు చూద్దాం" అంటారు. పైసలు రావు. పిల్లలు పెద్దవాళ్ల మొహాలు చూసి గొంతు తగ్గించుకొని మాట్లాడటం నేర్చుకుంటారు. అప్పు తీరినాక కూడా ఆ తగ్గిన గొంతు అలాగే ఉండిపోవడం నేను చూశాను.

2021 చివర్లో మిరప మీద నల్ల తామర పురుగు పడింది. ఖమ్మం, వరంగల్, మహబూబాబాద్ వైపు రైతులు ఆ ఏడు మాట ఇప్పటికీ ఎత్తుతారు. పూతలో చేరి రసం పీల్చేసే ఆ పురుగుకు ఏ మందూ పట్టలేదు. పూత రాలింది, చెట్టు ముడుచుకుపోయింది, ఎకరానికి లక్షకు తక్కువ కాకుండా పెట్టినవాళ్లు చేలను అలాగే దున్నేశారు. మా తమ్ముడు కౌలుకు తీసుకున్న చేనూ పోయింది. కౌలు కట్టాలి, మందుల షాపు బాకీ కట్టాలి, ఇద్దరు పిల్లలకు ఫీజు కట్టాలి. ఆ సంక్రాంతికి కొత్త బట్టలు లేవు. చానెళ్ల ప్యాకేజీ వేయించక టీవీ మూలకు చేరింది.

ఆ రోజుల్లో తక్కువలో గడిపిన వంటింటి సంగతులు ఎక్కువ చెప్పను, అవి అందరికీ తెలిసినవే. పొయ్యి ముట్టించకుండా అయ్యే పచ్చిపులుసు, ఎండాకాలంలో ఎండబెట్టిన టమాటా ఒరుగులు, మక్కగట్క, గోంగూర తొక్కు. ఒక్క సర్వపిండి మాట మాత్రం చెప్పాలి. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, కారం, ఉల్లాకు కలిపి, గిన్నె లోపల అడుగుకూ అంచుకూ చేత్తో ఒత్తి, వేలితో అక్కడక్కడ చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్నమంట మీద కాలుస్తారు. రెండు చెంచాల నూనెతో అయిపోతుంది. గిన్నెకు ఒకటే వస్తుంది, అది కాలి చల్లారితే తప్ప రెండోది ఒత్తలేరు. ఆ ఎదురుచూపులో ఇల్లంతా పొయ్యి చుట్టూ చేరుతుంది. పదిహేను నిమిషాలు ఎవరూ లేచిపోరు. అడుగు మాడిన ముక్క ఎవరిదన్న కొట్లాటతో సహా నాకు అదంతా ఇష్టం.

మా అమ్మ ఆ ఏడే అష్టాచెమ్మ మళ్లీ తీసింది. చింతపండు కొట్టే రోజులు. వాకిట్లో కాయ పగలగొట్టి, ఈనె తీసి, గింజ తీసి, పండు కుండకెత్తే పని సాగుతోంది. తీసిన గింజల కుప్పలోంచి, పని మొదలైన కాసేపటికే, అమ్మ నున్నగా బలిసిన నాలుగు గింజలు ఏరి పక్కన పెట్టింది. మనవడిని పిలిచి గడప బండ మీద రెండు నీటిచుక్కలు వేసి, గింజను ఒక పక్కకే ఎట్లా రుద్దాలో చూపించింది. చింతగింజ పొట్టు గట్టిది. మొదట గీతలే పడతాయి. రుద్దగా రుద్దగా వేళ్లకు వేడి తెలుస్తుంది, మాడువాసన లాంటిది వస్తుంది, తర్వాత నల్లటి పొట్టు కింద పాలరంగు మచ్చ చిన్నగా కనబడి పెద్దదవుతుంది. సగం దాకా అరగ్గానే ఆపాలి. ఇంకా అరిగితే గింజ ఒకే వైపు పడుతుంది, ఆట చెడుతుంది. వాడు మూడో గింజకు వచ్చేసరికి ఆ వేడి ఏమిటో అర్థమై, నీళ్లు వేయకుండా గట్టిగా రుద్ది తీసుకెళ్లి అక్క చేతికి చురక పెట్టాడు. అది కూడా తరతరాలుగా వస్తున్నదే, వాడికెవరూ నేర్పలేదు.

గచ్చు మీద ఐదుకు ఐదు, ఇరవై ఐదు గళ్లు. నాలుగు వైపులా నడిమి గళ్లకు, మధ్య గడికి అడ్డగీతలు కొడితే అవి ఇండ్లు, వాటిలో ఉన్న కాయను చంపకూడదు. మా చిన్నప్పుడు ఈ గళ్లు బొగ్గుతో గీసేవాళ్లం. ఆవిరి ఇంజన్ల రోజుల్లో జంక్షన్ ఊరికి బొగ్గు కరువా! ఇప్పుడు సుద్దముక్క. కాయలకు ఒకరివి చీపురుపుల్ల ముక్కలు, ఒకరివి పగిలిన గాజు పెంకులు, ఒకరివి పల్లికాయ పొట్టు, ఒకరివి గులకరాళ్లు. గింజలు వేసినప్పుడు ఎన్ని తెల్లవి పైకి పడితే అన్ని గళ్లు. నాలుగూ తెల్లవైతే చెమ్మ, నాలుగూ నల్లవైతే అష్ట, ఈ రెంటికీ మళ్లీ ఆడొచ్చు. ఎదుటివాళ్ల కాయను ఒక్కదాన్నైనా చంపితే తప్ప లోపలి చుట్టులోకి పోనివ్వరు. ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చిన కట్టడి ఇదే. ఎవరి జోలికీ పోకుండా బయటి చుట్టునే తిరుగుతానంటే కుదరదు, పక్కవాళ్లతో తలపడాల్సిందే.

"అత్తా, చెమ్మ పడ్డది, మళ్ల నాదే" అని మేనకోడలు అరిస్తే, "పడలే, ఒకటి గోడకు ఆనుకున్నది, చెల్లదు" అని మా తమ్ముడు. పురుగు పడ్డ నాటి నుంచి సరిగా మాట్లాడని మనిషి చింతగింజ మీద పిల్లతో వాదానికి దిగాడు. మరదలు చేతిలో పని వదిలేసి వచ్చి తీర్పు చెప్పింది. బాకీ ఎక్కడికీ పోలేదు. తెల్లారితే మళ్లీ షాపువాడి ఫోను వస్తుంది. ఆ రాత్రి మాత్రం ఆ ఇంట్లో నలుగురు గట్టిగా మాట్లాడారు.

ఆ ఇల్లు తర్వాత ఒక కట్టుబాటు పెట్టుకుంది. ఆదివారం పొద్దుగూకినాక గంటసేపు ఎవరూ ఏ పనీ పెట్టుకోవద్దు. పనులన్నీ అయినాక ఆడదామంటే కుదరదని మరదలే చెప్పింది, రైతు ఇంట్లో పనులు ఎన్నటికీ కావు కాబట్టి. అందుకని గంట ముందే పక్కకు తీసేస్తారు. దాని తర్వాతే మిగతా పని.

ఇక ఇంటి బయటి సంతోషానికి, ఊరు దాటి పోవాలంటే మాకు రైలుంది. కాజీపేట నుంచి విజయవాడ పోయే దారిలో, కొత్తగూడెం వైపు లైను చీలే చోటు మాది. కరోనాలో ఆగిన ప్యాసింజర్లు తిరిగి వచ్చినప్పుడు పది రూపాయల కనీస టికెట్‌ను ముప్పై చేసి తెచ్చారు. నలుగురు పిల్లాపాపలతో పక్క స్టేషనుకు పోవడం కూడా ఆలోచించుకోవాల్సి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో మళ్లీ పదికి దిగింది. ఇరవై రూపాయల తేడా పైసలున్నవాళ్లకు చిన్నదిగా కనిపించవచ్చు, ప్యాసింజర్ ఎక్కే కుటుంబానికి మాత్రం అది కూరగాయల ఖర్చు. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేకపోవడం కూడా నేను చాలా పెద్ద మేలుగా చూస్తాను. పని లేకుండా, చావూ పెళ్లీ లేకుండా, ఊరికే చూసొద్దామని బయల్దేరిన ఆడవాళ్లను నేను మొదటిసారి మా బస్టాండులో చూశాను. సద్ది కట్టుకొని కురవి వీరభద్రస్వామి గుడికి పోయి, చెట్టు కింద కూర్చొని తిని, సాయంత్రానికి తిరిగొస్తారు. దీన్ని దుబారా అన్నవాళ్ల మాటకు నేను ఒప్పుకోను. ఏళ్ల తరబడి చేటలోంచి పిడికెడు తీసింది వాళ్లే కదా.

ఈ మాట కూడా చెప్పాలి. చాలా ఇళ్లలో పిడికెడు అందరి బువ్వలోంచీ పోలేదు, చివరన తినే అమ్మ పళ్లెంలోంచి పోయింది. అన్నం చాలని పూట తగ్గేది ఆమెకే. అలాంటి పొదుపును నేను మెచ్చుకోలేను. డబ్బా సంగతి ఇంట్లో అందరికీ తెలియాలి, పిడికెడు తీసే చెయ్యి రోజూ మారాలి, తొమ్మిదేళ్ల పిల్లవాడి పిడికిలైనా సరే. ఇంకొకటి, పొదుపుతో అన్నీ గట్టెక్కవు. ఆస్పత్రి బిల్లును ఏ బియ్యం డబ్బా తీర్చలేదు, పోయిన పంటను ఏ ఆటా తిరిగి తేలేదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు మా వాడకట్టులో చాలా ఇళ్లలో రెండో పూట కూడా పొయ్యి వెలిగింది. సర్కారు చేయాల్సింది సర్కారు చేయాలి. కూలికి సరైన ధర, పంటకు సరైన ధర ఇవ్వకుండా పేదవాళ్లకు పొదుపు పాఠాలు చెప్పడం అన్యాయం.

బతుకమ్మ దగ్గరకొస్తే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టాలనిపిస్తుంది. భాద్రపద అమావాస్య నుంచి తొమ్మిది రోజులు, పైసా లేని ఇల్లు కూడా పైసలున్న ఇంటితో సమానంగా ఆడే పండుగ. 2014లో రాష్ట్ర పండుగ అయింది, సంతోషమే. మా వైపు ఆ రోజులకు చెలకల్లో గునుగు తెల్లగా విరగబూస్తుంది, గుట్టల మొదట్లో తంగేడు. పొద్దున్నే పిల్లలు సంచులు పట్టుకొని పోయేవారు. గునుగు కాడలు సమంగా కోసి, చివర్లకు రంగులద్ది, సిబ్బిలో వరుసలు పేర్చడం ఇంటిల్లిపాది పని. ఇప్పుడు ఊళ్లో గునుగు కట్టలు కట్టి అమ్ముతున్నారు. అమ్మేవాళ్లూ బతకాలి, వాళ్ల మీద నాకేమీ కోపం లేదు. కానీ కొన్న పువ్వుతో పేర్చిన బతుకమ్మకు సగం ఆనందం ముందే పోయినట్టు. ముళ్లు గీరుకుంటూ, మంచుకు తడుస్తూ, చేనుగలాయన "ఎవర్రా అది" అంటే పరుగెత్తుతూ తెచ్చిన పువ్వులోనే పండుగ మొదలవుతుంది. వీలైనవాళ్లు ఒక్క పూటైనా పిల్లల్ని చెలకకు తీసుకుపోండి.

ఇంటిల్లిపాదీ కలిసి కూర్చోవడానికి పండుగ దాకా ఆగనక్కర్లేదు. చింతపండు కొట్టే రోజుల్లో ఆ పని సాగే ఇల్లు మీ దగ్గర్లో ఎక్కడో ఒకటి ఉంటుంది. పోయి అష్టాచెమ్మకు గింజలు అడగండి, ఎవరూ కాదనరు. నాలుగూ ఒకే సైజువి ఏరండి, పుచ్చు ఉందేమో చూడండి. బలిసిన గింజ నీళ్లలో వేస్తే మునుగుతుంది, తేలింది పనికిరాదు. రుద్దే పని పిల్లలకు ఇచ్చి, సగం కన్నా ఎక్కువ అరగకుండా పక్కన కూర్చొని చూసుకోండి.